గ్రామోద్యోగము – సర్వోన్నత న్యాయస్థానము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



కోర్టు అన నెంతటివానికైనను కొంత జంకు గలదు. గట్టు తగవు తాలూకా కచ్చేరి దాటుసరికి తల నెరయును; జిల్లా కోర్టును, హైకోర్టును గడచి ఢిల్లీ చేరుసరికి దావా వేసినవాని పేరు కాగితముమీద మాత్రమే మిగిలి, దాని భారమును మనుమలు మోయుచుందురు. అంత దూరము పోయినవాడు అచటినుండి తెచ్చుకొనున దేమి? ఈ ప్రశ్నకు సమాధానమును రాజుల దావాలలోను, జమీందారుల వ్యాజ్యములలోను వెదుక నక్కరలేదు. ఊరి లెక్క వ్రాయు కరణము, ఊరి శిస్తు వసూలు చేయు మునసబు – ఈ చిన్న యుద్యోగములను గుఱించి భారతదేశ సర్వోన్నత న్యాయస్థానము 1960లో నొకసారి, 1985లో నొకసారి తీర్పు చెప్పినది. 2017లో మఱియెవరిదో వ్యాజ్యమును విచారించుచు, ఆ రెండవ తీర్పులోని యొక ముఖ్యాంశమును త్రోసివేసినది. ఈ మూడు తీర్పులే నేటి ప్రసంగ విషయము.

కరణమనువాడు తెలుగు సాహిత్యమునకు క్రొత్తవాడు కాడు. సుమతీశతకకర్త కరణముమీద పద్యములు చెప్పియున్నాడు. అవి పొగడ్తలు కావని పెద్దబాలశిక్ష చదివినవారి కెల్లరకును తెలియును. ఆంధ్ర ప్రాంతమున కరణము, మునసబు. తెలంగాణమున పట్వారీ, మాలీ పటేలు, పోలీసు పటేలు. పట్వారీ లెక్క వ్రాయును. మాలీ పటేలు శిస్తు వసూలు చేయును. పోలీసు పటేలు ఊరి శాంతిని చూచును. ఇవి వతనులు, అనగా తండ్రినుండి కొడుకునకు వచ్చు హక్కులు. పట్వారీ కలము పహాణీలో ఒక పేరు వ్రాసిన నొక కుటుంబము నిలుచును, ఒక పేరు విడిచిన మఱియొక కుటుంబము వీధిలో పడును. నేడు మల్కాజ్‌గిరిలో పొలము లేవి? 2007లో ఈ ప్రాంతము మహానగరములో కలిసినది. 2016లో జిల్లాకు పేరిచ్చినది. అయినను ఇంటిస్థలము కొనబోవువాడు మొదట అడుగునది సర్వే నంబరు, రెండవది పాత పహాణీ. ఎన్నడో గతించిన పట్వారీ దస్తూరీమీదనే నేటి మేడలు నిలిచియున్నవి.

ఇక న్యాయపు మెట్లను గుఱించి కొంచెము చెప్పవలసియున్నది. పూర్వము మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాల వారికి కడపటి న్యాయస్థానము సముద్రములకు ఆవల లండనులోని ప్రీవీ కౌన్సిలు. హైదరాబాదు సంస్థాన ప్రజలకు ఆ త్రోవ లేదు. హైకోర్టుకు పైన నిజాము ప్రభువు న్యాయసమితియే కడపటిది. 1950 జనవరి 26న రాజ్యాంగము అమలులోనికి రాగా, అట్టి సంస్థాన న్యాయసమితుల యధికారము ముగిసి, వానియెదుట మిగిలియున్న అప్పీళ్లన్నియు సుప్రీంకోర్టునకు బదిలీ యైనవి. అప్పటినుండి పెరవలివానికిని మల్కాజ్‌గిరివానికిని కడపటి వాకిలి ఒక్కటే.

ఆ వాకిలికి దారులు మాత్రము పెక్కు. హైకోర్టు యోగ్యతాపత్రముతో పోవుట యొకటి. రాజ్యాంగపు 136వ అధికరణము క్రింద ప్రత్యేకానుమతి వేడుట మఱియొకటి. ప్రాథమిక హక్కునకు భంగము కలిగినచో 32వ అధికరణము క్రింద నేరుగా ఢిల్లీకే పోవచ్చును. నడుమ ఏ కోర్టు మెట్టును ఎక్కనక్కరలేదు. గుంటూరు జిల్లా వాసి యగు గాజుల దశరథరామారావు ఈ మూడవ దారిని పోయెను.

ఆయన కథ యిది. తెనాలి తాలూకాలోని పెరవలి గ్రామమును 1956లో రెండుగా విభజించి, పెరవలిపాలెమను క్రొత్త గ్రామమును ఏర్పఱచిరి. క్రొత్త గ్రామమునకు మునసబు కావలెను. దరఖాస్తులు పిలువగా ఎనమండుగురు ముందుకు వచ్చిరి. రెవెన్యూ డివిజనల్ అధికారి అందఱను విచారించి దశరథరామారావును నియమించెను. పాత గ్రామపు మునసబు కుటుంబములోనివాడు కలెక్టరునకు అప్పీలు చేసెను. అతని వాదమునకు ఆధారము 1895 నాటి మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగముల చట్టము. గ్రామములను కలిపినను విభజించినను క్రొత్తగా నేర్పడు పదవులను పాత యుద్యోగుల కుటుంబములనుండియే పూరింపవలెనని అందులోని ఆఱవ సెక్షను చెప్పుచుండెను. కలెక్టరు మొదటి నియామకమును రద్దుచేసి కుటుంబీకునకే పదవి నిచ్చెను. అటుపిమ్మట వ్యవహారము రెవెన్యూ బోర్డునకును, ప్రభుత్వమునకును పోయినది. ఇన్ని మెట్లెక్కి దిగినను తుదకు నెగ్గినది వంశమే.

అప్పు డాయన రాజ్యాంగపు 16వ అధికరణమును చేతబట్టెను. రాజ్యము క్రింది యుద్యోగమునకు మతము, జాతి, కులము, లింగము, వంశము, జన్మస్థలము, నివాసము మాత్రమే కారణముగా ఏ పౌరునకును అనర్హత కలుగరాదని ఆ యధికరణము చెప్పుచున్నది. ఆ పట్టికలో వంశమను మాట ఊరక చేరినది కాదు. కులమును కాదన్నంత మాత్రమున చాలదనియు, ఒకే కులములో నైనను ఫలానావాని కొడుకను కారణము చెల్లరాదనియు దాని భావము.

ప్రభుత్వపు వాదము విచిత్రముగా నుండును. గ్రామోద్యోగము సాధారణ ప్రభుత్వోద్యోగము వంటిది కాదు, అది కుటుంబపు సొత్తువంటిది. దానిని అంటియున్న ఇనాము భూములే యందులకు సాక్ష్యము అని ఆ వాదము. కోర్టు దీనిని ఒప్పుకొనలేదు. నియమించునది ప్రభుత్వము, తొలగించునది ప్రభుత్వము, చేయు పని ప్రభుత్వముది. ఇనామైనను జీతమైనను పనికి ప్రతిఫలమే గాని రక్తమునకు ప్రతిఫలము కాదు. ఈ మాట పూర్తిగా క్రొత్తదియును కాదు. కరణపు సర్వీసు ఇనాము ఉద్యోగము చేయువానిదే గాని ఉమ్మడి కుటుంబమునది కాదని 1921లోనే ప్రీవీ కౌన్సిలు చెప్పియుండెను. ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము పక్షమున న్యాయమూర్తి ఎస్. కె. దాస్ 1960 డిసెంబరు 6న తీర్పు చెప్పుచు, వంశమునుబట్టి భేదము పాటించునంత మేరకు ఆ సెక్షను చెల్లదని నిర్ణయించెను.

ఆదిపర్వమున కుమారుల అస్త్రవిద్యాప్రదర్శనఘట్టము నెఱిగినవారికి ఇచట కర్ణుడు గుర్తునకు రాక మానడు. విల్లు పట్టి నిలిచినవానిని కృపాచార్యుడు కులమడుగగా, అంతటి వీరుడును తల వంచెను. దుర్యోధనుడు అక్కడికక్కడ అంగరాజ్యాభిషేకము చేసి గండము గడపెనేగాని, ఆ ప్రశ్న అడుగదగినది కాదను ధర్మమును సభలో స్థాపింప లేదు. అతనికి కావలసినది అర్జునునకు దీటైన విలుకాడు, అంతే. ఆ ప్రశ్నయే అడుగరాదని శాసనముగా నిలుచుటకు ఈ దేశమున చాల కాలము పట్టినది.

అయితే దశరథరామారావు గెలిచి యేమి తెచ్చుకొనెను? మునసబు పదవి కాదు. వంశపు మాట ఎత్తక, ఆయన దరఖాస్తును రెవెన్యూ అధికారులు మరల విచారింపవలెనని మాత్రమే ఆజ్ఞ. గుంటూరునుండి ఢిల్లీ పోయినవానికి దక్కినది మొదటి మెట్టుమీద సమముగా నిలుచు హక్కు. కాని 141వ అధికరణము ననుసరించి సుప్రీంకోర్టు చెప్పిన న్యాయము దేశములోని కోర్టులన్నిటికిని శిరోధార్యము గనుక, ఆయన మోసుకొని వచ్చిన ఆ కాగితము వేల గ్రామముల తలరాతను మార్చినది. ఏ కరణము కొడుకును ఇక పుట్టుకచే కరణము కాజాలడు.

పుట్టుక హక్కు పోయిన పిమ్మట పదవియు పోవచ్చునా? ఇది రెండవ ప్రశ్న. పొరుగున మైసూరు రాష్ట్రము 1961లో గ్రామోద్యోగముల రద్దు చట్టము చేయగా, సుప్రీంకోర్టు 1966లో దానిని సమర్థించెను. ఆంధ్రప్రదేశములో ఆ పని ఆర్డినెన్సుచే జరిగినది. ఎన్. టి. రామారావు ప్రభుత్వ కాలమున, 1984 జనవరి 6న, పార్ట్‌టైము గ్రామోద్యోగుల పదవులను రద్దుచేయుచు గవర్నరు ఆర్డినెన్సు జారీ యైనది. కరణములు, మునసబులు, పటేళ్లు, పట్వారీలు ఒక్క కాగితముతో ఉద్యోగహీనులైరి. తరతరములుగా పెట్టెలలో నుండిన దఫ్తరములు చేతులు మాఱినవి.

దీనిపై ఊళ్లలో రెండు మాటలు వినబడెను. పట్వారీ గడపలో చేతులు కట్టుకొని నిలిచిన రైతు సంతోషించెను. అతని సంతోషమును తప్పుపట్టుటకు వీలులేదు. చిన్న ప్రతిఫలమునకు జీవితమంతయు ధారపోసి, గెట్టు గెట్టునకు తిరిగి నిజాయితీగా లెక్క వ్రాసిన పేద కరణములును ఉండిరి. వారి దుఃఖమును పరిహసించుటయు న్యాయము కాదు. దుష్టుని, శిష్టుని ఒకే గాటను కట్టుట రద్దు చట్టముల స్వభావము.

గ్రామోద్యోగులు పోరాడిరి. టి. వెంకటరెడ్డి వర్సస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము అను పేర ఆ వ్యాజ్యము 1985లో సుప్రీంకోర్టులో తేలినది. తీర్పు వారికి ప్రతికూలము. ఆర్డినెన్సు శాసనముతో సమానము గనుక, దానిని జారీచేయుటలోని ఉద్దేశములను కోర్టు తరచి చూడదు. పదవినే రద్దుచేయుట ఉద్యోగిని శిక్షించుట కాదు గనుక, 311వ అధికరణములోని రక్షణ దానికి వర్తింపదు. ఈ రెండును కష్టమైనను అర్థమగు మాటలే.

మూడవ మాట దగ్గఱ నిలిచి చూడవలెను. ఆర్డినెన్సునకు ఆయువు స్వల్పము. శాసనసభ తిరిగి కూడిన ఆఱు వారములలో చట్టముగా మాఱనిచో అది తనంత తానే గతించును. ఇచట మొదటి ఆర్డినెన్సు చట్టము కాలేదు. దాని వెనుక మఱియొకటి, దాని వెనుక ఇంకొకటి జారీ యైనవి. తుదకు 1985లో చట్టము వచ్చినది. ఆర్డినెన్సు చచ్చినప్పుడు దానిచే చచ్చిన పదవి మరల బ్రతుకవలదా యని గ్రామోద్యోగుల ప్రశ్న. బ్రతుకదని కోర్టు చెప్పెను: రద్దు ఆ క్షణముననే పూర్తియైనది; ఆర్డినెన్సు గతించినను, అది ముగించిన పని ముగిసినట్లే. చెట్టును నఱికిన గొడ్డలి విఱిగినంత మాత్రమున చెట్టు చిగుర్చునా యని ఈ తర్కమును పల్లెభాషలో చెప్పుకొనవచ్చును. ఓడినవారికి ఈ తర్కము మింగుడుపడలేదు. ప్రజాప్రతినిధులు ఆమోదింపని యాజ్ఞ శాశ్వతఫలము నిచ్చుట యెట్లని వారు అడిగిన దానిలో బలము లేకపోలేదు.

ఆ బలము ముప్పది రెండేండ్లకు బయటపడినది. అదియు ఎచ్చటనో బీహారులో. అచటి ప్రభుత్వము 1989లో ఆర్డినెన్సుచే 429 ప్రైవేటు సంస్కృత పాఠశాలలను తన యధీనములోనికి తీసికొని, చట్టము చేయక, ఆర్డినెన్సు వెంట ఆర్డినెన్సు జారీచేసి, 1992లో వానిని గతింపనిచ్చెను. ప్రభుత్వోద్యోగుల మైతిమని నమ్మిన పండితులు, ఆర్డినెన్సు గతించినను తమ హక్కు నిలుచునని వాదించిరి. వారికి అండ ఏది? పట్వారీలను ఓడించిన 1985 నాటి తీర్పే! ఒకరిని ముంచిన తర్కము మఱియొకరికి తెప్ప యగుట న్యాయశాస్త్రములో అరుదు కాదు.

కృష్ణకుమార్ సింగ్ వ్యాజ్యమను పేర ఏడుగురు న్యాయమూర్తులు దీనిని విచారించి 2017 జనవరి 2న తీర్పు చెప్పిరి. చట్టసభయెదుట పెట్టక ఆర్డినెన్సును మరల మరల జారీచేయుట రాజ్యాంగమునకే మోసమని అధికసంఖ్యాకుల నిర్ణయము. గతించిన ఆర్డినెన్సు తన వెనుక శాశ్వతమైన హక్కులను విడిచిపోవునను సిద్ధాంతము తప్పనియు, ఆ మేరకు వెంకటరెడ్డి తీర్పు చెల్లదనియు వారు ప్రకటించిరి. పండితులకు స్థిరోద్యోగము రాలేదు. అంతవఱకు వారికి చెల్లించిన జీతములను మాత్రము తిరిగి రాబట్టలేదు.

గ్రామోద్యోగులు 1985లో అడిగిన ప్రశ్న 2017లో నెగ్గినది. అడిగినవారికి ఒక్క పదవియు తిరిగి రాలేదు. రానేరదు కూడ. ఆర్డినెన్సుల మాట యెట్లున్నను 1985 నాటి చట్టము నిలిచియుండెను. కొందఱు పాత పట్వారీల సంతతివారు ఈ వార్త విని, మరల పదవులు వచ్చునేమో యని ఆశపడినచో, వారికి చెప్పవలసినది ఇంతే: 2017 నాటి తీర్పు ఆర్డినెన్సును గుఱించినది, పదవిని గుఱించినది కాదు. పదవి వంశమునకు చెందదన్న 1960 నాటి తీర్పు చెక్కుచెదరక యున్నది.

గ్రంథాలయ సభ్యులు ఈ తీర్పులను స్వయముగా చదువవలెను. సుప్రీంకోర్టు తీర్పులు నేడు ఎవరికైనను ఉచితముగా లభించుచున్నవి. అందు తుది పంక్తి యొక్కటి చూచి గెలుపోటములు లెక్కించువాడు మోసపోవును. ఓడినవాడు ఏమి అడిగెను, గెలిచినవానికి ఏమి దక్కెను, అడుగనివానికి ఏమి వచ్చెను – ఈ మూడును చూడవలెను.

పట్వారీ పోయిన పిమ్మట గ్రామపు లెక్క వ్రాయువాని పేరు పలుమారులు మాఱినది: గ్రామ సహాయకుడు, గ్రామ పరిపాలనాధికారి, గ్రామ కార్యదర్శి, గ్రామ రెవెన్యూ అధికారి. ఆ కడపటి పదవిని తెలంగాణ శాసనసభ 2020 సెప్టెంబరులో రద్దుచేసినది. ఐదేండ్లు గడవకముందే ఊరికొక లెక్కవాడు లేక పని సాగదని తెలిసి, 2025లో గ్రామపాలనాధికారులను నియమించిరి. వారిని పరీక్ష పెట్టి ఎన్నుకొనిరి.