కోడ్ చెప్పేది జాడ, పార్టు పేరు కాదు

నేను షార్జాలో గ్యారేజీ పని చేస్తాను. టాక్సీ అన్నలు, డెలివరీ వాళ్లు, హౌస్ డ్రైవర్లు పంపే వాయిస్ మెసేజ్‌లలో ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒకటే: "చెక్ ఇంజన్ లైట్ వెలిగింది, స్కాన్ చేస్తే ఈ కోడ్ వచ్చింది, ఏ పార్టు మార్చాలి?" ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు ఒక మాట. కోడ్ ఎక్కడ తేడా ఉందో చెబుతుంది. ఎందుకు వచ్చిందో చెప్పదు. అది మనమే వెతకాలి.

పి0171 తీసుకోండి. అంటే ఇంజన్‌లోకి వెళ్లే గాలికి తగినంత పెట్రోలు లేదు. ఆ సంగతి కంప్యూటర్‌కి చెప్పేది ఆక్సిజన్ సెన్సార్. అందుకని చాలాచోట్ల ముందు దాన్నే మార్చేస్తారు. దొంగ వచ్చాడని మొరిగిన కుక్కను తన్నితే దొంగ పోతాడా? ఇక్కడి ఎండకు రబ్బరు పైపులు పగిలి గాలి లీకవుతుంది. దుమ్ముకు, గాలిని కొలిచే ఎం.ఏ.ఎఫ్. సెన్సార్ మురికి పడుతుంది. పెట్రోల్ పంప్ బలహీనమైనా ఇదే కోడ్.

ఎలా తేల్చాలి? స్కానర్ లైవ్ డేటాలో ఫ్యూయల్ ట్రిమ్ చూడండి. బండి నిలబెట్టి ఐడిల్‌లో +20 దాకా ఉండి, 2500 ఆర్‌పీఎమ్‌కి రేస్ చేస్తే మామూలుకి దిగిందా? గాలి లీకే అనుకోవచ్చు. స్పీడ్, లోడ్ పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పెరిగితే పంప్, ఫిల్టర్, ఎం.ఏ.ఎఫ్. చూడాలి.

ఇంకోటి, పి0302. రెండో సిలిండర్ మిస్‌ఫైర్. కాయిల్ కొనకముందే రెండో సిలిండర్ కాయిల్‌ని మూడోదానికి, మూడోదాన్ని రెండోదానికి మార్చి, కోడ్ తీసేసి నడపండి. పి0303 వస్తే కాయిల్ పోయినట్టే. మళ్లీ పి0302 వస్తే కాయిల్ బాగుంది. ప్లగ్, ఇంజెక్టర్, కంప్రెషన్ చూడాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

లైట్ ఊరికే వెలిగి ఉంటే, బండి మామూలుగా నడుస్తుంటే, నెమ్మదిగా గ్యారేజీకి తీసుకెళ్లొచ్చు. ఆయిల్ లైటు, టెంపరేచర్ మాత్రం చూసుకోండి. లైట్ మినుకుమినుకుమంటే వెంటనే పక్కకు ఆపండి. కాలని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని మాడ్చేస్తుంది. అది చాలా ఖరీదైన పార్టు.

కోడ్ తీసేస్తే రిపేరు అయినట్టు కాదు. దాంతోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా చెరిగిపోతుంది. అంటే తేడా వచ్చినప్పటి వేగం, వేడి, లోడ్ రికార్డు. అందుకే ముందు రాసుకోండి, తర్వాతే క్లియర్ చేయండి.

ఇక హౌస్ డ్రైవర్ తమ్ముళ్లకు ప్రత్యేకంగా. బండి మనది కాదు, కానీ చెడితే మాట మన మీదికే వస్తుంది. ఒక్కోసారి జీతంలో కోత కూడా. లైట్ వెలగగానే మీటర్ కిలోమీటర్లు కనిపించేలా ఫోటో తీసి, ఆ రోజే కఫీల్‌కి పంపండి. స్కానర్‌లో వచ్చిన కోడ్‌నీ ఫోటో తీయండి. గ్యారేజీలో ఏదైనా పార్టు మార్చాలంటే, "ఏం చెక్ చేసి ఈ పార్టు అన్నారు భాయ్?" అని అడగండి. చెక్ చేసినవాడు చూపిస్తాడు. చూపించకపోతే ఇంకో గ్యారేజీ చూసుకోండి.

మీ బండిలో వచ్చిన కోడ్, కారు మోడల్, ఫ్యూయల్ ట్రిమ్ నంబర్లు వాయిస్ మెసేజ్‌లో పంపండి. వచ్చేసారి వాటినే తీసుకుని చూద్దాం. జాగ్రత్తగా నడపండి.