లోతైన గాయం అడుగు నుంచి మానుతుంది
(రోగుల బంధువులకు చేసిన ప్రసంగ పాఠం)



డ్రెస్సింగ్ మార్చేటప్పుడు మీరు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: "ఇంత గుంత పడింది కదండీ, కుట్లు ఎందుకు వేయలేదు?" నారాయణగూడ ఐ.పి.ఎం.లో కుక్కకాటు టీకా వేయించుకుని వచ్చినవారిదీ ఇదే సందేహం. కాటు గాయంలో క్రిములు లోతుగా దిగి ఉంటాయి. పైన కుట్టేస్తే అవి లోపలే ఉండిపోయి చీము పడుతుంది. అందుకే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, చాలావరకు తెరిచే ఉంచుతాం. షుగర్ రోగి పాదంలో చీము తీసిన గుంత కూడా ఇలాగే, అడుగు నుంచి పూడుతూ రావాలి.

మొదటి రెండు మూడు రోజులు వాపు, ఎరుపు ఉంటాయి. తెల్లరక్తకణాలు లోపల శుభ్రం చేస్తున్నాయన్నమాట. నాలుగైదు రోజులకు అడుగున దానిమ్మ గింజల్లా ఎర్రని కండ కనిపిస్తుంది. కొత్త రక్తనాళాలు కావడం వల్ల కాస్త తగిలినా రక్తం చిమ్ముతుంది. మీకు భయమేస్తుంది గానీ, అది చూస్తే మాకు సంతోషం.

పైపైన గీసుకుపోతే వెంట్రుక కుదుళ్ల నుంచి కూడా చర్మం పుడుతుంది. లోతు గాయంలో ఆ కుదుళ్లు పోతాయి. కాబట్టి అంచుల నుంచే చర్మం పాకాలి. అందుకే వారాలు పడుతుంది. మూడు వారాల మచ్చకు పాత చర్మం బలంలో అయిదో వంతే ఉంటుంది. ఏడాది దాటినా సుమారు 80 శాతానికి మించదు.

గాలికి ఆరాలని కట్టు విప్పేయకండి. తేమగా ఉంచిన గాయం మీద చర్మం దాదాపు రెండింతలు త్వరగా వస్తుందని 1962లోనే జార్జ్ వింటర్ పందుల మీద చేసిన పరిశోధనలో తేలింది.

ఇక పథ్యం సంగతి. అశోక్ నగర్ హాస్టల్లో ఉండి పరీక్షలకు చదువుకుంటున్న ఒక అబ్బాయికి కాలికి పెద్ద గాయమైంది. వాళ్లమ్మగారు ఊరి నుంచి వచ్చి, పప్పు తింటే చీము పడుతుందని పది రోజులు చారన్నమే పెట్టారు. ప్రేమతోనే లెండి. కండ మాత్రం పాలిపోయి, పెరగకుండా ఉండిపోయింది. కొత్త కండకు ముడిసరుకు మాంసకృత్తులే. పప్పు, గుడ్డు, పాలు పెట్టండి. మూత్రపిండాల జబ్బు ఉంటే మాత్రం ముందు డాక్టరుగారిని అడగండి. 'సి' విటమిన్ కావాలి. చిక్కడపల్లి మార్కెట్లో జామకాయలు దొరుకుతాయి, ఖరీదైన పండ్లే తేనక్కరలేదు. పొగతాగే అలవాటుంటే ఈరోజే మాన్పించండి. షుగర్ అదుపులో లేకపోతే ఎంత మంచి కట్టయినా దండగే.

పసుపు, కాఫీపొడి, సున్నం గాయంలో పెట్టకండి. దుర్వాసన, జ్వరం, అంచులు నల్లబడటం, వాపు పైకి పాకడం కనిపిస్తే మర్నాటి డ్రెస్సింగ్ దాకా ఆగవద్దు. రాత్రయినా సరే, సిస్టర్‌ను పిలవండి.