సంతకం ఎవరిది, శరీరం ఎవరిది?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గర్భాశయ ముఖద్వార కేన్సర్ గురించి మాట్లాడమని అడిగారు. నేను డాక్టర్ని కాను, మీలాగే కార్యకర్తని. అందుచేత జబ్బు గురించి కొంచెం, ఆ జబ్బు పేరుతో దేశాలు దాటి వచ్చే ప్రాజెక్టుల గురించి కొంచెం ఎక్కువ మాట్లాడతాను.

2022లో మన దేశంలో సుమారు 1,27,000 మంది స్త్రీలకు ఈ కేన్సర్ వచ్చిందనీ, దాదాపు 80,000 మంది చనిపోయారనీ అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ అంచనా. ఇది చాలావరకు రాకుండా ఆపగలిగిన కేన్సర్ కావడమే అన్నిటికంటే పెద్ద విషాదం. హెచ్.పి.వి. అనే వైరస్ వల్ల వస్తుంది. వైరస్ ఒంట్లో తిష్ఠవేశాక కేన్సర్‌గా ముదరడానికి సాధారణంగా పది పదిహేనేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. అంటే ముందుగా పట్టుకోవడానికి అన్నేళ్ల వ్యవధి ఉంది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30-49 ఏళ్ల స్త్రీలలో ఈ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. ముట్లుడిగాక మళ్లీ రక్తం కనబడిందని చెప్పడానికి సిగ్గుపడిందని ఆడదాన్ని తప్పుపట్టే ముందు, చెబితే చూసే డాక్టరమ్మ ఎంత దూరంలో ఉందో ఆలోచించాలి.

విదేశీ ప్రాజెక్టులంటే మనలో కొందరికి మొదటినుంచీ అనుమానం. మరికొందరికి డబ్బు వస్తోంది కదా అన్న సంతోషం. ఈ రెండూ మనల్ని ఎటూ చేర్చవు. అవి మనకేమిచ్చాయో, మన దగ్గర ఏం తీసుకున్నాయో లెక్క చూద్దాం.

మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (నేటి ధారాశివ్) జిల్లాలో 1999లో ఒక అధ్యయనం మొదలైంది. ముంబయి టాటా మెమోరియల్ సెంటర్, బార్షీలోని నర్గీస్ దత్ కేన్సర్ ఆసుపత్రి, ఫ్రాన్సులో ఉన్న ఆ అంతర్జాతీయ సంస్థ కలిసి చేశాయి. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. 30 నుంచి 59 ఏళ్ల పల్లెటూరి స్త్రీలు 1,31,746 మందిని నాలుగు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకి హెచ్.పి.వి. పరీక్ష, ఇంకోదానికి పాప్ పరీక్ష, మూడోదానికి వెనిగర్ లాంటి పలుచటి ద్రావకం పూసి కంటితో చూసే పరీక్ష చేశారు. నాలుగో గుంపుకి మాత్రం ఏ పరీక్షా చేయకుండా, ఆసుపత్రిలో ఎలా చేయించుకోవచ్చో చెప్పి వదిలేశారు. జీవితంలో ఒక్కసారి హెచ్.పి.వి. పరీక్ష జరిగినా ఈ కేన్సర్ చావులు దాదాపు సగానికి తగ్గుతాయని 2009లో తేలింది. ఆ పరీక్ష జరిగిన గుంపులో 34 మంది, ఏ పరీక్షా జరగని గుంపులో 64 మంది చనిపోయారు. రెండు గుంపుల్లోనూ స్త్రీల సంఖ్య ఇంచుమించు ఒకటే.

ఈ ఫలితం పేద దేశాల స్త్రీలందరికీ పనికొచ్చేదే. కానీ ఆ 64 మంది మాటేమిటి? పాప్ పరీక్ష ప్రాణాలు కాపాడుతుందని ప్రపంచానికి అప్పటికే దశాబ్దాలుగా తెలుసు. మన దేశంలో మామూలుగా ఏ పరీక్షా దొరకదు కనుక ఏమీ చేయకపోవడమే ఇక్కడి పద్ధతి అని సమర్థించుకున్నారు. లేమినే కొలబద్దగా పెట్టుకుంటే లేనిదానికి ఎప్పటికీ ఏమీ దక్కదు.

ఇక మన గడ్డ మీద జరిగింది. 2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలో అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు హెచ్.పి.వి. టీకాలు మొదలుపెట్టాయి. ఇక్కడా గేట్స్ ఫౌండేషన్ డబ్బే. టీకాలు మెర్క్ కంపెనీ ఉచితంగా ఇచ్చింది. సుమారు 14,000 మంది పిల్లలకు వేశారు. వీళ్లలో ఎందరో హాస్టళ్లలో చదువుకునే ఆదివాసీ పిల్లలు. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాంటిదే జరిగింది. 2010 మార్చిలో మహిళా, ఆరోగ్య కార్యకర్తలు భద్రాచలం వెళ్లి విచారించి ప్రశ్నలు లేవనెత్తారు. ఏప్రిల్‌లో ప్రాజెక్టును ఆపేశారు.

రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారు. ఆ చావులకూ టీకాకూ సంబంధం లేదని ప్రభుత్వ విచారణ సంఘం తేల్చింది. ఈ మాట మనం దాచకూడదు. కానీ అదే సంఘం, ఆ తర్వాత 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం, సమ్మతి తీసుకున్న తీరును తప్పుబట్టాయి. మన రాష్ట్రంలో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. తల్లికి కబురు లేదు, పిల్లకి వివరం తెలియదు. పాత్ సంస్థ ఈ విమర్శలను ఒప్పుకోలేదు. కానీ ఆ సంతకాలు ఎవరివో కాగితాలే చెబుతున్నాయి.

దీని తర్వాతి కథ కూడా మీకు తెలియాలి. అదే సమయంలో ఆ ఫ్రాన్సు సంస్థే మన దేశంలో మరోచోట టీకా రెండు డోసులు చాలా, మూడు కావాలా అని పరీక్షిస్తోంది. 2010లో దాన్నీ ఆపమన్నారు. దాంతో వేలాది బాలికలకు ఒక్క డోసే అందింది. వాళ్లను ఏళ్ల తరబడి గమనిస్తే ఒక్క డోసు కూడా గట్టి రక్షణే ఇస్తోందని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఒక్క డోసు పద్ధతిని ఆమోదించడానికి ఆధారమైనవాటిలో ఈ అధ్యయనం ముఖ్యమైనది. ఈ రోజు ఏ దేశంలో ఏ పిల్ల ఒక్క సూదితో బయటపడినా, అందులో మన పిల్లల పాలు ఉంది.

కాబట్టి నేను టీకా వద్దనడం లేదు. మన కూతుళ్లకు టీకా కావాలి, తల్లులకు పరీక్ష కావాలి. పరీక్షలో తేడా కనబడితే చికిత్స కావాలి, జబ్బు ముదిరిపోతే నొప్పి తగ్గించే మార్ఫిన్ కావాలి. 2014లో చట్టం సవరించి మార్ఫిన్ దొరకడం సులువు చేశారు. అయినా అది జిల్లా ఆసుపత్రి దాకా రాకపోతే చట్టంలో ఉండి ఏం లాభం? ఇవన్నీ దానంగా కాక హక్కుగా రావాలి. హక్కుగా రావాలంటే ముందు మనిషిని మనిషిగా అడగాలి.

రేపు మీ మండలానికి ఏ ప్రాజెక్టు వచ్చినా ఈ ప్రశ్నలు వేయండి. డబ్బు ఎవరిది, మందు ఎవరిది? ఇది వైద్య సేవా, పరిశోధనా? సమ్మతి పత్రం తెలుగులో ఉందా, కోయ మాట్లాడే తల్లికి కోయలో చదివి వినిపించారా? వద్దంటే ఊరుకుంటారా? ఏదైనా జరిగితే ఎవరు చూస్తారు, ఖర్చు ఎవరు భరిస్తారు? పరీక్షలో జబ్బు బయటపడ్డ మనిషిని ఏ ఆసుపత్రికి, ఎవరి ఖర్చుతో పంపుతారు? ప్రాజెక్టు గడువు తీరాక ఊళ్లో ఏం మిగులుతుంది?

జవాబులు కాగితం మీద రాయించుకోండి. ఆ తర్వాతే తల్లి సంతకం పెట్టాలి. వేలిముద్ర అయినా సరే, అది ఆమెదే కావాలి.