ఒక్క మెతుకు



మీ పట్టాల పండగకు తర్కం చెప్పుకుని బతికినవాణ్ణి పిలిచారు కాబట్టి కాసేపు తర్కమే వినాలి. భోజనాల వేళ దాటనివ్వను.

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి అమ్మ గిన్నెంతా తిరగెయ్యదు. గరిటెతో నాలుగు మెతుకులు తీసి, ఒకటి వేళ్ల మధ్య నలుపుతుంది. పలుకు తగలకపోతే పొయ్యి కట్టేస్తుంది. దీనికి స్థాలీపులాక న్యాయమని పేరు. ఇందులోనే రెండు అడుగులున్నాయి. చూసినవాటి నుంచి సూత్రం కట్టడం ఆగమనం, ఆ సూత్రంతో చూడనిదాన్ని తేల్చడం నిగమనం. మీరు రెండు పాఠాలుగా చదివి పరీక్ష రాశారు. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు వాటిని విడదీయలేదు. ఆయన తర్కసంగ్రహంలోని మనిషి వంటింట్లో మాటిమాటికీ చూసి, పొగ ఉన్నచోట నిప్పుంటుందన్న వ్యాప్తిని పట్టుకుంటాడు. తర్వాత కొండ దగ్గరికి వెళ్తాడు, పొగ చూస్తాడు, నిప్పుందని తేలుస్తాడు. వంటింటి నుంచి కొండదాకా ఒకటే నడక.

మరి నిప్పున్నచోటల్లా పొగ ఉంటుందా? ఇక్కడే, రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్లే రోడ్డు మీది సిల్తరా ఇనుప కర్మాగారాల్లో అడగండి. ఎర్రగా కాలిన దిమ్మ పక్కన నిలబడితే ముఖం మాడిపోతుంది, దాన్నుంచి మాత్రం పొగ లేవదు. న్యాయదర్శనం పాటించే నైయాయికుల పాత ఉదాహరణ కూడా కాలిన ఇనుప గుండే. పొగకు పచ్చికట్టె తోడు కావాలి. చాటునున్న ఆ షరతు పేరు ఉపాధి. (మీలో చాలామంది వెతుకుతున్న ఉపాధి వేరని తెలుసు.)

చూసినదాని నుంచి చూడనిదానికి హామీ ఎవరిస్తారని కంటికి కనిపించిందే నమ్మే చార్వాకులు అడిగారు. 18వ శతాబ్దంలో తత్త్వవేత్త హ్యూమ్ కూడా అదే అడిగాడు. నాకు తృప్తినిచ్చే జవాబు ఇంతవరకూ దొరకలేదు. అందుకే ఉపాధిని వెతకడం మానలేదు.

ఒకసారి అది నాకూ చాటునుండిపోయింది. హాస్టల్ రోజుల్లో తొలిసారి వండినప్పుడు రెండు సంచుల్లో మిగిలిన బియ్యం కలిపేశాను. నలిపిన మెతుకు మెత్తగానే ఉంది. కంచంలో సగం చిమిడిపోయింది, సగం పలుకులు. రెండు రకాలకే ఇలా. ఈ ఊరి ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో 23 వేలకు పైగా వరి నమూనాలున్నాయి. వాటిలో చాలావాటిని వరి శాస్త్రవేత్త రిఛారియా 1970ల్లో ఊరూరా సేకరింపజేశారు. ఒక్క మెతుకు మాట నమ్మాలంటే ముందు గిన్నెలో ఎన్ని రకాలున్నాయో తెలియాలి.

రేపు ఇంటర్వ్యూలో ఎవరో మీ పట్టా చూసి, “ఆ ఊరి పిల్లలంతా ఇంతే” అంటారు. ఎన్ని మెతుకులు పట్టి చూశారండీ అని అడగండి. అపాయింట్‌మెంట్ ఆర్డరు చేతికొచ్చాక అడిగితే ఇంకా మంచిది.