రెఫరెన్సుల్లో మన పేర్లు

 

సిద్ధాంత వ్యాసం చివర రెఫరెన్సులు సరిచేస్తూ, ఈరోజు పట్టాలందుకుంటున్న మీలో చాలామంది నిద్ర మానుకునే ఉంటారు. దాన్ని గుమాస్తా పనిగా చూడొద్దని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఒక వ్యాసం రాశారు. ఫాస్ఫరస్ ఎంతుందో రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతి అది. జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ, 66వ సంపుటం, 375వ పుట. ఆయన 1948లో కన్నుమూశారు. బతికుండగా రావలసినంత పేరు రాలేదు. కానీ ఆ పద్ధతి వాడినవాళ్లు దశాబ్దాల తరబడి ఆ వ్యాసాన్ని ఉదహరిస్తూనే వచ్చారు. ఆయన పేరును ప్రయోగశాలల్లో నిలిపిన వాటిలో ఆ రెఫరెన్సు పంక్తి ఒకటి.

ఆ పంక్తిలో పేరు ఎలా ఉంటుందో చూడండి: ‘సుబ్బారావు, వై.’ యల్లాప్రగడ పొడి అక్షరమైపోయింది. పాశ్చాత్య పద్ధతిలో ఇంటిపేరు చివర ఉంటుంది, మనకు ముందుంటుంది. జొటెరో, మెండెలే వంటి రెఫరెన్సుల సాఫ్ట్‌వేర్లు ఈ తేడాను వాటంతటవి పట్టుకోలేవు. అందుకే జాబితాల్లో ‘రావు, కె.’లు, ‘రెడ్డి, పి.’లు కలగాపులగమైపోయి, ఒకరి శ్రమ మరొకరి ఖాతాలో పడుతుంది. మీ పేరు ఏ వరసలో రాయాలో మొదటి వ్యాసానికే తేల్చుకోండి, ఆ తర్వాత మార్చకండి. ప్రతి పరిశోధకుణ్ణీ విడిగా గుర్తించే ఆర్కిడ్ సంఖ్య తీసుకోండి.

రెఫరెన్సులను ఏపీఏ శైలి నుంచి షికాగో శైలికి మార్చడం సాఫ్ట్‌వేర్‌కు క్షణం పని. సంవత్సరం, పుట సరైనవో కావో మూలం తెరిచినవారికే తెలుస్తుంది. గ్రంథచౌర్యంపై యూజీసీ 2018 నిబంధనల్లో ఇతర రచనలతో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. ఆ పోలిక పరీక్ష కాపీని పట్టుకుంటుంది గానీ, చదవని పుస్తకాన్ని చదివినట్టు చూపితే పట్టుకోలేదు. ఇప్పుడు కృత్రిమ మేధ అసలు లేని వ్యాసాలకే రచయితనూ పుటనూ కల్పించి ఇస్తోంది. వ్యాసం కళ్లారా చూడనిదే నమ్మకండి.

మెదక్ సీమలోని కొల్చారానికి చెందినవాడని చెప్పుకునే మల్లినాథసూరి, కాళిదాసుకు వ్యాఖ్య రాయబోతూ, ఆధారం లేనిదేదీ రాయనని ముందే మాట ఇచ్చాడు. ఆ నియమం మన నేలకు కొత్తది కాదు.

ఇకముందు మీరు స్వయంగా చదివినదాన్నే ఉదహరించండి. మరొకరి ద్వారా తెలిస్తే వారి పేరూ చెప్పండి. తెలుగు పరిశోధకుల పేరు రాసేముందు ఏది ఇంటిపేరో కనుక్కోండి.