ఈ కొలత ఎక్కడిది?

ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షల గురించి నేను ఒక్క కేసే చెబుతాను. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో టానీ మెయోరిన్ అడవి మంటలార్పే ఉద్యోగి. మూడేళ్లు బాగా పనిచేసింది. తర్వాత ప్రభుత్వం కొత్త పరీక్షలు పెట్టింది. మూడింట్లో నెగ్గింది. శరీరం ఆక్సిజన్‌ను ఎంత వాడుకోగలదో తేల్చడానికి పెట్టిన పరుగులో, 11 నిమిషాల్లో రెండున్నర కిలోమీటర్లు, 49.4 సెకన్లు వెనకబడింది. ఉద్యోగం పోయింది. మూడేళ్ల పని లెక్కకు రాలేదు! శిక్షణ పొందినా ఎక్కువమంది స్త్రీలు ఆ కొలత అందుకోలేరని విచారణలో తేలింది. ఆ వేగం లేకపోతే మంటలార్పలేరని ప్రభుత్వం రుజువు చేయలేకపోయింది. 1999లో అక్కడి సుప్రీంకోర్టు ఆమెను తిరిగి తీసుకోమంది.

పరీక్షలే వద్దనను. పొగలోకి వెళ్లేవాళ్ల గుండె, ఊపిరితిత్తులు చూడాల్సిందే. కానీ ఏ అమ్మాయైనా మీ దగ్గరికొచ్చి 'ఫెయిలయ్యాను' అంటే, ఆ అంకె ఎక్కడిదో ముందు రాతపూర్వకంగా అడగండి.