ఇంటి కార్ఖానాలో ఇనుప కడ్డీ కోత

ఇంటి వెనుక వసారాలోనో, బండి నిలుపుకొను కొట్టములోనో ఒక బల్లను, ఒక వైసును, వీలైనచో ఒక చిన్న లేతును అమర్చుకొని తీరిక వేళలలో లోహపు పని చేసికొనువారు మన ఊళ్ళలో పలువురు కలరు. వీరిలో ఉద్యోగవిరమణ చేసినవారు కొందరు. ఇంజనీరింగు చదువుచున్న యువకులు కొందరు. తలుపు గడియ మొదలు పంపుసెట్టు వరకు ఇంటిలో ఏది పాడైనను తామే బాగుచేయవలెనను పట్టుదల గలవారు మరికొందరు. వీరందరును లేతును గూర్చియు, డ్రిల్లింగు యంత్రమును గూర్చియు దీర్ఘముగా ఆలోచింతురు. కాని వాటికన్న ముందు చేయవలసిన పని యొకటి కలదు. అంగడినుండి తెచ్చిన పొడవైన కడ్డీనుండి మనకు కావలసినంత ముక్కను కోసికొనవలెను. దీనిని గూర్చి ముందుగా ఆలోచించువారు అరుదు. మేమును ఆలోచింపలేదు. ఆ అశ్రద్ధకు ఎంత మూల్యము చెల్లింపవలసివచ్చెడిదో ఒకనాటి సాయంకాలము మాకు తెలిసివచ్చినది. ఆ సంగతి తరువాత మనవి చేసెదము.

మొదట కోతలోని శ్రమను లెక్కవేసి చూతము. గుండ్రని ఉక్కు కడ్డీ బరువు తెలిసికొనుటకు ఇనుప వ్యాపారులు ఒక సులభమైన సూత్రమును వాడుదురు. కడ్డీ వ్యాసమును మిల్లీమీటర్లలో తీసికొని, దానిని దానిచేతనే గుణించి, 162చే భాగించినచో ఒక మీటరు పొడవునకు ఎన్ని కిలోగ్రాములో వచ్చును. 25 మిల్లీమీటర్ల కడ్డీ మీటరుకు సుమారు 3.9 కిలోలు తూగును. 50 మిల్లీమీటర్ల కడ్డీ 15.4 కిలోలు తూగును. వ్యాసము రెట్టింపైనచో బరువు నాలుగింతలైనది. కోయవలసిన వైశాల్యమును నాలుగింతలే అగును. కావున సన్నని కడ్డీని అయిదారు నిమిషములలో చేతితో కోయగలిగినవాడు, రెండింతల లావు గల కడ్డీకి ఇరువదినాలుగు నిమిషముల వరకు చెమటోడ్చవలసియుండును. ఏ సాధనము కొనవలెనను ప్రశ్నకు సగము సమాధానము ఈ లెక్కలోనే యున్నది. మీరు కోయునది ఎంత లావుది? నెలకు ఎన్ని ముక్కలు? ఈ రెండును తెలియక యంత్రము కొనుట తగదు.

అన్నిటికంటె చౌకయైనది, ఎల్లరికి అవసరమైనది చేతి హాక్సా. దీనితో విసుగెత్తిపోయితిమని చెప్పువారిలో అనేకులకు విసుగు కలిగించినది రంపము కాదు, తగని బ్లేడు. సాధారణమైన బ్లేడు 300 మిల్లీమీటర్ల పొడవుండును. దాని వెల కన్న దాని పళ్ళ సంఖ్యను ముందు చూడవలెను. అంగుళమునకు 14, 18, 24, 32 పళ్ళు గల బ్లేడులు దొరకును. లావైన మెత్తని లోహమునకు 14, మామూలు ఉక్కు కడ్డీకి 18, యాంగిలు ఇనుమునకును కొంత మందమైన గొట్టమునకును 24, పలుచని రేకునకును సన్నని గొట్టమునకును 32 తగియుండును. దీనికి ఆధారమైన నియమ మొకటే: ఏ క్షణమునందైనను కనీసము మూడు పళ్ళు లోహముపై ఆనియుండవలెను. అంగుళమునకు 18 పళ్ళున్నచో మూడు పళ్ళు సుమారు 4 మిల్లీమీటర్ల స్థలము నాక్రమించును. అంతకంటె పలుచని గొట్టమును ఆ బ్లేడుతో కోసినచో గోడ రెండు పళ్ళ నడుమ దిగబడి పళ్ళు రాలిపోవును. ఒక పన్ను విరిగినచో దాని వెనుకనున్న పన్ను ఆ భారమును మోయలేక తానును విరుగును.

బ్లేడును బిగించునపుడు పళ్ళ మొనలు పిడికి ఎదురుగా, ముందుదిక్కునకు ఉండవలెను. హాక్సా ముందునకు నెట్టునపుడు కోయును. వెనుకకు లాగునపుడు ఒత్తిడి తీసివేయవలెను. రెక్కల నట్టును బ్లేడులోని వదులు పోవువరకు త్రిప్పి, అటుపై మరి మూడు చుట్లు బిగించిన చాలును. కడ్డీని వైసులో దవడలకు దగ్గరగా పట్టించి కోయవలెను. దూరముగా పట్టినచో కడ్డీ అదరి కీచుమని అరచును. నిమిషమునకు నలువది మొదలు ఏబది పోట్లకు మించి తొందరపడరాదు. బ్లేడు పొడవంతయు వాడవలెను. మేము మొదటి యేడు నడిమి నాలుగంగుళములతోనే గీకి, తక్కిన పళ్ళు క్రొత్తవిగానే యుండగా బ్లేడులను పారవేసితిమి.

ఇంకొక సంగతి. కోత సగములో బ్లేడు విరిగినచో క్రొత్త బ్లేడును ఆ పాత కోతలోనే దింపరాదు. రంపపు పళ్ళు కొంచెము అటు నిటు వంచబడియుండును; ఆ వంపు చేతనే కోత బ్లేడు మందము కన్న వెడల్పై బ్లేడు స్వేచ్ఛగా ఆడును. వాడిన బ్లేడుకు ఆ వంపు అరిగియుండును గనుక దాని కోత ఇరుకు. క్రొత్తది అందులో బిగిసి మరల విరుగును. కడ్డీని త్రిప్పి ఎదుటి ప్రక్కనుండి కోత మొదలిడవలెను.

బ్లేడులలో ఇప్పుడు మేలైనది రెండు లోహములు కలిపి చేసిన బై-మెటలు బ్లేడు. పళ్ళున్న అంచు హైస్పీడు ఉక్కు. వీపు స్ప్రింగు ఉక్కు. హైస్పీడు ఉక్కును అమెరికాలో టేలరు, వైట్ అనువారు రూపొందించి 1900వ సంవత్సరమున పారిసు ప్రదర్శనములో చూపగా, ఎర్రగా కాగినను పదును చెడని ఆ ఉక్కును చూచి లోకములోని యంత్రశిల్పులు అబ్బురపడిరి. కాని బ్లేడంతయు ఆ ఉక్కుతోనే చేసినచో చేయి కొంచెము వంకరపోగానే గాజువలె పుటుక్కుమనును. బై-మెటలు బ్లేడు వంగును గాని విరుగదు. కొంత వెల ఎక్కువైనను క్రొత్తగా నేర్చువారికి ఇదియే మంచిది.

ఇక యంత్రముల మాట. పని పెరిగిన వెంటనే మనవారి చూపు మొదట పడునది రాపిడి చక్రముతో కోయు కటాఫ్ యంత్రముపైనను, చేతితో పట్టుకొను యాంగిలు గ్రైండరుపైనను. ఇవి చౌక, ప్రతి హార్డువేరు అంగడిలో దొరకును, గట్టి ఉక్కును సైతము క్షణములలో కోయును. మేమును ఒక గ్రైండరు కొంటిమి. ఒకనాటి సాయంకాలము రెండు ఇటుకలమీద రెండు కొనలు ఆనునట్లు ఒక చదరపు కడ్డీని పరచి, నడుమ కోయ మొదలిడితిమి. కోత మూడువంతులు దిగగానే కడ్డీ తన బరువునకు నడుమ క్రుంగినది. క్రుంగగా కోత పైయంచులు దగ్గరకు వచ్చి తిరుగుచున్న చక్రమును పట్టివేసినవి. చక్రము ముక్కలైనది. ఒక ముక్క మా కండ్లజోడు అద్దమును బీటలు వార్చి ప్రక్కకు పోయినది. మరియొకటి వెనుకనున్న ద్వారబంధములో దిగినది. ఆ ద్వారమున ఒక్క నిమిషము ముందు మా చిన్నవాడు నిలిచి నిప్పురవ్వలను చూచి చప్పట్లు కొట్టుచుండెను. కాఫీ చల్లారిపోవుచున్నదని చెప్పిరమ్మని వానిని పంపిన తల్లియే మరల వానిని లోనికి పిలిచినది; అందుచేత బ్రతికినాడు. ఆ రాత్రి మా యింట ఎవరును సరిగా అన్నము తినలేదు.

తప్పు చక్రముది కాదు, మాది. కడ్డీని ఒక ప్రక్కన గట్టిగా బిగించి, తెగిపోవు ముక్కను రెండవ ప్రక్కన గాలిలో ఉంచినచో కోత తెరచుకొనునే గాని మూసికొనదు. పైగా చక్రముపై నుండవలసిన రక్షక కవచమును, అడ్డముగా నున్నదని, మేమే ఊడదీసితిమి.

ఈ యంత్రములు వాడువారు కొన్ని సంగతులు తప్పక గమనింపవలెను. చక్రముపై ముద్రించిన గరిష్ఠ వేగము యంత్రవేగము కన్న ఎక్కువగా నుండవలెను. 355 మిల్లీమీటర్ల చక్రము నిమిషమునకు 3,800 సారులు తిరిగినచో దాని అంచు క్షణమునకు సుమారు 70 మీటర్ల వేగముతో పోవును. అనగా గంటకు 250 కిలోమీటర్లు. ఇట్టి చక్రమును కట్టియుంచునది రాళజిగురు. అది కాలక్రమమున బలహీనమగును. చక్రము నడిమి రేకు కట్టుపై ముద్రించిన గడువు తేదీని చూచి, గడువు దాటినదానిని పారవేయవలెను. ఉక్కు కోయు చక్రముతో అల్యూమినియమును కోయరాదు; మెత్తని లోహము చక్రములో కూరుకొని వేడెక్కించును. గ్రైండరునకు కఱ్ఱ కోయు పళ్ళచక్రమును ఎన్నడును తగిలింపరాదు. నిప్పురవ్వలు చాల దూరము పోవును గనుక గ్యాసు సిలిండరు, కిరసనాయిలు, ఎండుటాకులు, గోనెసంచులు ఆ చాయల నుండరాదు. పెద్ద కటాఫ్ యంత్రము రెండువేల వాట్లకు పైగా విద్యుత్తు వాడును. దానిని 16 ఆంపియర్ల ప్లగ్గునకే తగిలింపవలెను.

లేతు గలవారికి ఇంకొక చిక్కు కలదు. ఈఎన్ 8 మొదలైన కార్బను ఎక్కువగా గల ఉక్కును రాపిడి చక్రముతో కోసినచో కోసిన ముఖము కాగి, వెంటనే చల్లారి, పైపొర గట్టిపడును. దానిపై లేతు పనిముట్టు అంచు మొద్దుబారును. నష్టమును ఎక్కువ. చక్రము ప్రతి కోతకు మూడు మిల్లీమీటర్ల వరకు లోహమును పొడిచేయును. ఇరువది ముక్కలు కోసినచో ఆరు సెంటీమీటర్ల కడ్డీ ధూళియైపోవును. ఇత్తడి, కంచు వంటి ఖరీదు గల లోహములకు ఇది భరింపరానిది.

ఆ సాయంకాలము తరువాత మేము చిన్న అడ్డకోత బ్యాండుసా నొకదానిని తెచ్చుకొంటిమి. రెండు చక్రములపై వలయముగా తిరుగు రంపపు పట్టీతో కోయు ఈ ఊహ పాతది. ఇంగ్లండులో విలియం న్యూబెరీ 1808లోనే దీనికి పేటెంటు పొందెను. కాని పట్టీ కొనలను గట్టిగా అతుకు విద్య అప్పటికి లేదు. అతుకు విరిగిపోవుచుండుట చేత ఆ యంత్రము చాలకాలము మూలబడియుండెను. ఇప్పటి ఇంటి కార్ఖానాలకు సరిపడునది "నాలుగు-ఆరు" అంగుళముల తరగతి యంత్రము. అర హార్సుపవరు మొదలు ముప్పాతిక వరకు గల సింగిలు ఫేజు మోటారు దీనికి చాలును. కోయు తల తన బరువు చేతనే మెల్లగా దిగును. స్ప్రింగో, నూనె సిలిండరో ఆ దిగుడును అదుపులో పెట్టును. కోత ముగియగానే తల స్విచ్చిని తాకి మోటారును ఆపును. కోత వెడల్పు ఒక మిల్లీమీటరు మాత్రమే. నిప్పురవ్వలు లేవు. ప్రక్క యింటివారి నిద్రకు భంగము లేదు. 50 మిల్లీమీటర్ల మెత్తని ఉక్కును మా యంత్రము అయిదారు నిమిషములలో కోయును. ఆ లోపున మేము వేరొక ముక్కకు ఆకురాయి పట్టుచుందుము.

దీనిని వాడుటలో నాలుగు మెలకువలు. మొదటిది వేగము: మెత్తని ఉక్కునకు పట్టీ నిమిషమునకు 25 మొదలు 30 మీటర్లు, స్టెయిన్లెస్సుకు అంతకు తక్కువ, అల్యూమినియమునకు యంత్రమున కున్నంత ఎక్కువ. రెండవది, క్రొత్త పట్టీతో మొదటి కొన్ని కోతలు తేలికయైన ఒత్తిడితో కోయవలెను. లేనిచో పళ్ళ పదునుమొనలు రాలును. మూడవది, యాంగిలు ఇనుమును బోర్లించి, ఇంటికప్పు ఆకారమున వైసులో పెట్టవలెను; అప్పుడు పళ్ళకు తగులు మందము అకస్మాత్తుగా మారదు. నాలుగవది, పొట్టి ముక్కను వైసులో ఒక కొనకు పట్టించినపుడు, దవడల రెండవ కొనలో అంతే మందము గల వేరొక ముక్కను పెట్టవలెను. లేనిచో దవడ ఏటవాలుగా తిరిగి ముక్క జారిపోవును. కోత వంకరగా వచ్చినచో ముందు పట్టీ బిగువును, పట్టీని నడపు బేరింగుల దూరమును, తల బరువును చూడవలెను. ఈ మూడింటిలో ఒకటి తప్పక దోషియై యుండును.

పాతకాలపు పవరు హాక్సా ఎవరికైన చౌకగా దొరకినచో వదలుకొనవలదు. అది వెనుకకో ముందుకో ఒకవైపే కోయుట చేత సగము కాలము వృథాయగును గాని, దాని బ్లేడు చౌక, యంత్రము మొండిది. చల్లని నీటినూనె ధారతో మెల్లగా తిరుగు గుండ్రని రంపము, అనగా కోల్డుసా, అన్నిటికంటె నున్నని కోత నిచ్చును. కాని దాని బరువును, వెలయు గృహస్థునకు మించినవి.

కడపట మా సలహా. మొదట మంచి హాక్సా ఫ్రేమును, బై-మెటలు బ్లేడులను, కదలని వైసును కొనుడు. మూడు నెలలు ప్రతి కోతను ఒక పుస్తకములో వ్రాసియుంచుడు. లావైన కడ్డీలు నెలకు నాలుగైదు మాత్రమైనచో యంత్రమెందులకు? విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల ఇనుము కొన్న అంగడివారినే కొలత ప్రకారము కోసి యిమ్మని అడుగవచ్చును. కోతలు వారమునకు పదులుగా పెరిగినచో బ్యాండుసాను గూర్చి ఆలోచింపుడు. గ్రైండరు తప్పనిసరియైనచో కవచము తీయకుడు, కడ్డీని ఒక ప్రక్కనే బిగింపుడు, కండ్లకు అద్దములు లేక స్విచ్చి వేయకుడు. పని మొదలిడుటకు ముందు వెనుకకు తిరిగి ద్వారమువైపు ఒక్కమారు చూడుడు. అక్కడ పిల్లలెవరైన నిలిచియున్నచో వారిని లోనికి పంపి, తలుపు మూసి, అటుపై మొదలిడుడు.